నెల తప్పక ముందే వేసుకోవలసిన మాత్ర

గ్రహణం పట్టిందంటే మా ఊళ్లో కడుపుతో ఉన్న ఆడపిల్లను గదిలోంచి కదలనిచ్చేవారు కాదు. కిటికీలకు దుప్పట్లు కట్టి, కాళ్లూ చేతులూ ముడవకుండా వెల్లకిలా పడుకోబెట్టేవారు. కత్తిపీట ముట్టకూడదు. సూదిలో దారం ఎక్కించకూడదు. దురద పుట్టినా గోక్కోకూడదు. విడుపు స్నానం అయ్యేదాకా మంచినీళ్లు కూడా గొంతు దిగకూడదు. ఇంత కట్టడి చేసినా ఎక్కడో ఒక బిడ్డ పెదవి చీలి పుట్టేది. దానికి తెలుగులో ఉన్న పేరే గ్రహణం మొర్రి. ఆ పేరు పలికినప్పుడల్లా నేరం తల్లి మీదికి పోతుంది.

పెదవి సంగతి అలా ఉంచుదాం. నడుం దగ్గర వెన్నెముక మూసుకోక, వెన్నుపాము నీటితిత్తిలా బయటికి ఉబికి పుట్టే బిడ్డలున్నారు. పుర్రె పైభాగమే ఏర్పడక, పుట్టిన కొద్ది గంటల్లోనో రోజుల్లోనో కన్నుమూసే బిడ్డలున్నారు. ఆ తల్లులకూ ఇంట్లో వినపడేది అదే ప్రశ్న. ఏం తిన్నావు? ఏ వేళప్పుడు బయటికి వెళ్లావు? ఏ బరువెత్తావు?

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. ఆ లోపం ఏర్పడే రోజుకి ఆ తల్లికి తను గర్భవతినన్న సంగతే సరిగా తెలియదు. అలాంటి లోపాల్లో ఎక్కువ భాగాన్ని ముందే ఆపగలిగే మాత్ర మందుల షాపులో దొరికే అతి చవకైన మాత్రల్లో ఒకటి. దాన్ని మొదటిసారి కృత్రిమంగా తయారుచేసిన ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించినవాడు మన భీమవరంలో పుట్టినవాడు. ఆ మాత్ర పేరు కూడా మన ఇళ్లలో కొత్త కాదు: ఫోలిక్ యాసిడ్. ఆశా కార్యకర్త గడప దాకా తెచ్చి ఇస్తుంది, మన గర్భిణులు వేసుకుంటారు. చిక్కల్లా ఒక్కటే. మనం వేసుకోవడం మొదలుపెట్టే రోజుకి, బిడ్డ వెన్నెముక విషయంలో ఆ మాత్ర పనికొచ్చే గడువు దాటిపోతోంది.

కజ్జికాయ అంచు

పండగకి కజ్జికాయలు చేసిన చేతులకు ఈ సంగతి చెప్పడం తేలిక. పూరీ వత్తి, మధ్యలో కొబ్బరికోరూ బెల్లం పెట్టి, రెండంచులూ దగ్గరికి తెచ్చి నొక్కుతాం. అంచు ఎక్కడ అతుక్కోకపోతే నూనెలో వేయగానే అక్కడ విచ్చుకుంటుంది. పిండంలో మెదడూ వెన్నుపామూ పుట్టే తీరు ఇంచుమించు ఇదే. ఫలదీకరణ జరిగిన మూడో వారంలో పిండం వీపు వైపు కణాలు పలుచటి పలకలా పరుచుకుంటాయి. దాని రెండంచులూ పైకి లేస్తాయి, మధ్యలో గాడి పడుతుంది, ఆ అంచులు ఒకదానివైపు ఒకటి వంగి కలుసుకుంటాయి. కలయిక సుమారు 22వ రోజున మెడ ప్రాంతంలో మొదలై పైకీ కిందికీ సాగుతుంది. తలవైపు కొస 25వ రోజు ప్రాంతంలో మూసుకుంటుంది. నడుంవైపు కొస 28వ రోజుకి. అలా ఏర్పడిన గొట్టాన్ని నాడీనాళం అంటారు. అప్పటికి పిండం మొత్తం పొడవు బియ్యపుగింజ కన్నా తక్కువే.

తలవైపు కొస మూసుకోకపోతే మెదడు పెరగదు. దాన్ని అనెన్‌సెఫలీ అంటారు, ఆ బిడ్డ బతకదు. నడుంవైపు ఎక్కడైనా విచ్చుకుని ఉండిపోతే అది స్పైనా బైఫిడా, అంటే వెన్నెముక చీలిక. ఈ బిడ్డలు బతుకుతారు. పుట్టగానే ఆపరేషన్ చేసి వీపు మూస్తారు. కానీ చీలిక ఉన్నచోటి నుంచి కిందికి పోయే నరాలు దెబ్బతిని ఉంటాయి కాబట్టి కాళ్లలో బలం తగ్గుతుంది, మలమూత్రాల మీద అదుపు ఉండదు. చాలామందికి తలలో నీరు చేరుతుంది. ఆ నీటిని పొట్టలోకి దించడానికి చర్మం కింద సన్నటి గొట్టం వేయాల్సి వస్తుంది, దాన్ని షంట్ అంటారు. అది పూడుకుపోతే మళ్లీ ఆపరేషన్. వీళ్లలో ఎందరో చక్కగా చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు. వాళ్ల జీవితానికి ఏ తక్కువా లేదు. అయితే ఆ బిడ్డ ప్రతి అడుగు వెనకా తల్లిదండ్రుల ఏళ్ల తరబడి శ్రమ, ఆస్పత్రి ఖర్చు, నిద్ర లేని రాత్రులు ఉంటాయి. మూత్రం గొట్టం రోజుకి నాలుగైదు సార్లు పెట్టాల్సిన పిల్లవాడికి బడిలో శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే ఆ చదువు ఏమవుతుందో ఊహించండి.

మరి ఫోలిక్ యాసిడ్ ఇక్కడ చేసే పనేమిటి? అది బి వర్గపు విటమిన్, తొమ్మిదో నంబరుది. ఆహారంలో ఉన్న రూపాన్ని ఫోలేట్ అంటారు. కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్ఏకి నకలు తీసుకోవాలి. ఆ నకలుకి కావలసిన ఇటుకల్లో కొన్నింటికి ఒక్కో కార్బన్ పరమాణువును మోసుకొచ్చి అందించే కూలి ఈ ఫోలేట్. ఎక్కడ కణాలు ఎక్కువ వేగంగా పెరుగుతాయో అక్కడ దీని లోటు ముందు కనిపిస్తుంది. ఎముకల మూలుగలో రక్తకణాలు నిమిషనిమిషానికీ పుడుతుంటాయి గనక లోటు వచ్చిన పెద్దవాళ్లలో ముందు రక్తం తగ్గుతుంది. పిండంలో నాడీనాళం అంచులు లేచి కలిసే ఆ వారం రోజుల్లో కణాల పెరుగుదల వేగం మరీ ఎక్కువ. సరుకు అందకపోతే అంచులు సమయానికి చేరుకోవు.

ఇప్పుడు రోజుల లెక్క చూడండి, ఈ వ్యాసానికి గుండెకాయ ఇదే. నెలసరి క్రమంగా వచ్చే స్త్రీకి ఫలదీకరణ జరిగిన 14 రోజులకు నెల తప్పుతుంది. నాడీనాళం మూసుకునేది 28వ రోజుకి. అంటే నెల తప్పిన నాటి నుంచి మిగిలింది రెండే రెండు వారాలు. నాలుగు రోజులు ఆలస్యమైతే మనవాళ్లు పట్టించుకోరు. వారం చూసి, పరీక్ష కిట్ కొనుక్కుని, రెండు గీతలు కనిపించాక భర్తకు చెప్పి, అత్తగారికి చెప్పి, మంచిరోజు చూసుకుని డాక్టరు దగ్గరికో ఏఎన్ఎం దగ్గరికో వెళ్లి కార్డు రాయించుకునే సరికి ఆ కజ్జికాయ అంచు కలిస్తే కలిసిపోయింది, లేకపోతే లేదు. పైగా విటమిన్ నిల్వలు ఒంట్లో ఒక్కరోజులో పెరగవు. ఎర్రకణాల్లో ఫోలేట్ చాలినంత మట్టానికి చేరడానికి వారాలు పడుతుంది. అందుకే కనీసం నెల ముందు నుంచి, వీలైతే రెండు మూడు నెలల ముందు నుంచి వేసుకోవాలని డాక్టర్లు చెబుతారు.

బొంబాయి, కూనూరు, పెరల్ రివర్

ఈ విటమిన్ కథ మొదలైంది మన దేశంలోనే. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు బొంబాయికి వచ్చింది. అక్కడి పేద గర్భిణులను, బట్టల మిల్లుల కార్మిక స్త్రీలను ఒక రకమైన రక్తహీనత బలితీసుకుంటోంది. ఎర్రకణాలు సంఖ్యలో తగ్గిపోయి, ఉన్నవి అసహజంగా పెద్దవై కనిపించేవి. సూక్ష్మజీవి కోసం వెతికితే దొరకలేదు. వాళ్లు తినే తిండి చూస్తే పళ్లూ కూరగాయలూ పాలూ దాదాపు లేవు. విల్స్ ఆ తిండినే ఎలుకలకీ కోతులకీ పెట్టి చూసింది. ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవకబారు పదార్థం ఇస్తే రోగులు కొద్ది రోజుల్లో తేరుకున్నారు. అప్పటికి పేరుపడ్డ శుద్ధిచేసిన కాలేయ సారం వాళ్లకు పనిచేయలేదు, మార్మైట్ చేసింది. అంటే ఇందులో ఉన్నది వేరే ఏదో పదార్థం. 1931లో ఆ సంగతి అచ్చయింది. చాలాకాలం దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అనే పిలిచారు.

ఈ పరిశోధనలో కొంత భాగాన్ని ఆమె 1929లో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేసింది. అదే ఆవరణలో రాబర్ట్ మెక్‌కారిసన్ నడిపిన పోషకాహార ప్రయోగశాల ఉండేది. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలి, ఈరోజు తార్నాకలో మనం చూసే జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక బస్టాపులో దిగి నడిచే మనలో ఎందరికి ఆ గోడల వెనక ఇంత పాత కథ ఉందని తెలుసు?

1941లో అమెరికాలోని టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి ఈ పదార్థాన్ని వేరుచేశారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. పేరు అలా వచ్చింది. కానీ టన్నుల కొద్దీ ఆకు నలిపి చిటికెడు మందు తీస్తే అది ఎందరికి అందుతుంది? దాని నిర్మాణం కనిపెట్టి ప్రయోగశాలలో తయారుచేయాలి. ఆ పని 1945లో న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో జరిగింది. అక్కడి పరిశోధనలకు అధిపతి యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదివి, మద్రాసు వైద్య కళాశాల మీదుగా హార్వర్డ్ చేరిన మనిషి. ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం హరించుకుపోతుంది. ఆయనా ఆ జబ్బుపడి లేచినవాడే. ఫోలిక్ యాసిడ్ తయారైన వెంటనే స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే వాళ్ల రక్తం కోలుకుంది. పోయిన తోబుట్టువులకు అందని మందు పాతికేళ్ల తరవాత ఆయన ప్రయోగశాలలోంచే వచ్చింది. నాకు ఆయన జీవితంలో ఎక్కువ గుర్తుండిపోయేది ఇదే.

ఆ ప్రయోగశాలే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందును కూడా తయారుచేసింది. దాని పేరు అమినాప్టెరిన్. కణం పెరగడానికి ఫోలేట్ కావాలి గనక, దాన్ని అడ్డుకుంటే క్యాన్సర్ కణం ఆగుతుందన్నది ఆలోచన. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గుతుందని 1948లో చూపించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. తరవాత 1952లో, వైద్య కారణాలతో గర్భం తీసేయక తప్పని స్త్రీలకు అమినాప్టెరిన్ ఇచ్చినప్పుడు, కొన్ని పిండాల్లో వైకల్యాలు కనిపించాయి. ఫోలేట్ దొరకకపోతే పిండం రూపమే దెబ్బతింటుందని అలా మనుషుల్లో మొదటిసారి కంటికి కనిపించింది. దీని తమ్ముడి వంటి మెథోట్రెక్సేట్‌ను ఇవాళ కీళ్లవాతానికీ సోరియాసిస్‌కూ మన ఊళ్లలోనూ వాడుతున్నారు. ఆ మందు వాడుతున్న స్త్రీ డాక్టరుతో మాట్లాడకుండా గర్భం ధరించకూడదన్న జాగ్రత్త వెనక ఉన్నది ఈ సంగతే.

అయితే ఒక మందు పిండానికి చెరుపు చేస్తుందని తెలియడం వేరు, తిండిలో లోటు కూడా అదే చేస్తుందని రుజువు చేయడం వేరు. రెండోదానికి నలభై ఏళ్లు పట్టింది. 1965లో ఎలిజబెత్ హిబ్బర్డ్, రిచర్డ్ స్మిథెల్స్ అనే బ్రిటిష్ డాక్టర్లు, నాడీవ్యవస్థ లోపంతో బిడ్డలను కన్న తల్లుల్లో ఫోలేట్ వినియోగం సరిగా లేని వాళ్లు ఎక్కువని గమనించారు. స్మిథెల్స్ ఆ దారినే పట్టుకున్నాడు. ఒకసారి అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు, మళ్లీ గర్భం రాకముందు నుంచే విటమిన్లు ఇచ్చి చూశాడు. 1980లో వచ్చిన ఫలితం: మాత్రలు వేసుకున్నవాళ్లలో లోపం మళ్లీ వచ్చింది 0.6 శాతం మందికి, వేసుకోనివాళ్లలో 5 శాతం మందికి. అయినా శాస్త్రలోకం ఒప్పుకోలేదు. సగంమందికి ఉత్తి మాత్ర ఇచ్చి పోల్చి చూడటానికి నైతిక సంఘాలు ఆయనకు అనుమతి ఇవ్వలేదు. అలా పోల్చి చూడలేదు కాబట్టి ఫలితం నమ్మం అని విమర్శకులు అన్నారు. ఆ మధ్యలో ఎందరు బిడ్డలు పుట్టారో!

చివరికి బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి నికొలస్ వాల్డ్ నాయకత్వంలో ఏడు దేశాల్లో, 33 కేంద్రాల్లో, 1,817 మంది స్త్రీలతో ఆ పరీక్ష పెట్టింది. అందరూ అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్నవాళ్లే. 1991 ఏప్రిల్‌లో దాన్ని మధ్యలోనే ఆపేశారు, కారణం ఫలితం అంత స్పష్టంగా ఉండటం. లోపంతో ఉన్న పిండాలు మొత్తం 27. ఫోలిక్ యాసిడ్ తీసుకున్న సగంలో 6, తీసుకోని సగంలో 21. అంటే ముప్పు 72 శాతం తగ్గింది. మిగతా విటమిన్లు కలిపినా కలపకపోయినా తేడా రాలేదు. పని చేసింది ఈ ఒక్కటే. మరుసటి ఏడాది హంగరీలో ఆండ్రూ సైజెల్, అంతకుముందు ఏ ఇబ్బందీ లేని సామాన్య స్త్రీలకు ఫోలిక్ యాసిడ్ ఉన్న విటమిన్ మాత్ర ఇచ్చి చూపించాడు. తీసుకున్నవాళ్లలో ఇలాంటి లోపం ఒక్కటి కూడా రాలేదు, తీసుకోనివాళ్లలో ఆరు వచ్చాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది చైనా చేసిన పని. 1993 నుంచి 1995 దాకా అక్కడ పెళ్లికి ముందు జరిపే వైద్యపరీక్ష దగ్గరే వధువుల చేతిలో 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్రలు పెట్టారు. గర్భం మూడో నెల నిండేదాకా రోజూ వేసుకోమన్నారు. 2,47,831 మంది స్త్రీల వివరాలు పరిశీలించారు. లోపాలు ఎక్కువగా ఉన్న ఉత్తరాదిలో, మాత్ర ముట్టనివాళ్లలో వెయ్యికి 4.8 ఉన్న లోపాలు, గర్భానికి ముందు నుంచీ వేసుకున్నవాళ్లలో వెయ్యికి ఒకటికి పడిపోయాయి. దక్షిణాదిలో మొదటి నుంచీ తక్కువే, అక్కడ కూడా 1.0 నుంచి 0.6కి తగ్గింది. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, పెద్దాస్పత్రి అక్కర్లేదు. సరైన వేళకు సరైన చేతికి మాత్ర అందింది, అంతే.

పిండిలో, బియ్యంలో, ఉప్పులో

అందరూ ముందుగా అనుకుని గర్భం ధరించరు. అనుకోకుండా వచ్చే గర్భాల సంగతేమిటి? ఈ ప్రశ్నకు అమెరికా, కెనడా 1998లో జవాబు వెతికాయి. అందరూ తినే గోధుమపిండిలోనే ఫోలిక్ యాసిడ్ కలిపేశారు. అమెరికాలో 100 గ్రాముల పిండికి 140 మైక్రోగ్రాములు. దానితో అక్కడ ఈ లోపాలు సుమారు మూడో వంతు తగ్గాయి, ఏటా 1,300 మంది బిడ్డలు ఆరోగ్యంగా పుడుతున్నారని వాళ్ల అంచనా. ఇవాళ 60కి పైగా దేశాలు ఇదే దారిలో ఉన్నాయి. 1991 నాటి ఆ పరీక్షను నడిపిన బ్రిటన్ మాత్రం దశాబ్దాల తరబడి చర్చిస్తూ కూర్చుని, 2021లో నిర్ణయం తీసుకుని, 2024లో చట్టం చేసింది. 33 ఏళ్ల ఆలస్యం. రుజువు చేతిలో ఉండి ఇంత కాలం ఆగడం నా దృష్టిలో క్షమించరాని విషయం.

మన దేశంలో జరిగిన వేర్వేరు అధ్యయనాలను కలిపి చూస్తే వెయ్యి కాన్పులకు సుమారు నాలుగు ఇలాంటి లోపాలు తేలాయి. ఏటా రెండు కోట్లకు పైగా బిడ్డలు పుట్టే దేశంలో ఆ లెక్క ఎంతవుతుందో మీరే గుణించుకోండి.

మన తిండిలో ఫోలేట్ లేక కాదు. 100 గ్రాముల శనగల్లో 200 మైక్రోగ్రాముల పైనే ఉంటుంది, పాలకూరలో 140 దాకా. కంది, పెసర, మినుము, బొబ్బర్లు, రాజ్మా అన్నీ మంచివే. తార్నాక సంస్థ 2020లో ఖరారుచేసిన లెక్క ప్రకారం మామూలు స్త్రీకి రోజుకి 220 మైక్రోగ్రాములు చాలు, గర్భిణికి మాత్రం 570 కావాలి. పప్పూ ఆకుకూరా రోజూ తినే ఇంట్లో మామూలు అవసరం తీరుతుంది. కానీ ఫోలేట్ నీళ్లలో కరుగుతుంది, వేడికి చెడుతుంది. ఆకుకూర తరిగాక కడిగి, ఉడికిన నీళ్లు వంచేసి, కుక్కర్‌లో నాలుగు కూతలు పెట్టిస్తే మిగిలేది తక్కువ. పాలిష్ పట్టిన బియ్యంలో దాదాపు లేనట్టే. మన పళ్లెంలో అన్నం గుట్ట, పప్పు గరిటెడు. ఆ గరిటె కూడా ఇంట్లో అందరూ తిన్నాక చివర్లో కూర్చునే కోడలికి వచ్చేసరికి అడుగంటుతుంది. మరో సంగతి: ఆకుకూరలోని ఫోలేట్ కన్నా మాత్రలోని ఫోలిక్ యాసిడ్ ఒంటికి బాగా పడుతుంది. తిండి మంచిదే, తినాలి. గర్భం ముందటి అవసరానికి మాత్రం తిండితో సరిపెట్టుకోలేం.

రేషన్ బియ్యంలో కలిపిన బలవర్ధక గింజల గురించి మన పల్లెల్లో ప్లాస్టిక్ బియ్యం అని పుకారు పుట్టింది. ఎసట్లో తేలే గింజలను ఏరి పారేసిన ఇళ్లున్నాయి. అది ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజ ఆకారంలో తీసి, నూరు గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. పారేయకండి. అయితే దాని మీదే భరోసా పెట్టుకోవడమూ తప్పే. ప్రమాణాల ప్రకారం కిలో బియ్యానికి ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములే. రోజుకి 400 గ్రాముల బియ్యం వండుకు తిన్నా 50కి మించదు. గంజి వార్చేస్తే ఇంకా తక్కువ. గర్భానికి ముందు కావలసిన 400కి అది ఎనిమిదో వంతు.

ఇంతకన్నా ఆశ కలిగించే ప్రయత్నం ఉప్పుతో జరిగింది. దక్షిణ భారతంలోని నాలుగు పల్లెల్లో 83 మంది స్త్రీలకు, అయొడిన్ ఉప్పులోనే ఫోలిక్ యాసిడ్ కలిపి నాలుగు నెలలు వాడించారు. రక్తంలో ఫోలేట్ మూడున్నర రెట్లకు పైగా పెరిగిందని 2024లో ఆ పరిశోధన అచ్చయింది. గొంతువాపును ఉప్పుతో జయించిన దేశానికి ఇది కొత్త దారి కాదు. ఉన్నవాళ్లింట్లోనూ లేనివాళ్లింట్లోనూ ఉప్పు ఉంటుంది. పెద్ద ఎత్తున పరీక్షించి అమలుచేయాల్సిన ఆలోచన ఇదని నా నమ్మకం. 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ కూడా, స్పైనా బైఫిడా వంటివాటిని ఆపడానికి ఆహారంలో ఫోలిక్ యాసిడ్ కలపాలని సభ్యదేశాలకు తీర్మానం చేసి మరీ చెప్పింది.

టిఫా స్కాన్ గది

అయిదో నెలలో, బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌కి వెళ్లిన అమ్మాయిని తలుచుకోండి. కడుపులో కదలికలు తెలుస్తున్నాయి. అమ్మ గాజులు తొడగడానికి రోజు చూస్తోంది. స్కాన్ చేసే డాక్టరు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతాడు. మళ్లీ చూస్తాడు. బయట ఉన్న భర్తను లోపలికి పిలవమంటాడు. ఆ తరవాత ఆ ఇంట్లో జరిగేది ఏ విజ్ఞాన గ్రంథంలోనూ పూర్తిగా ఉండదు. బిడ్డను ఉంచుకోవాలా వద్దా అన్నది కొద్ది రోజుల్లో తేల్చుకోవాలి. ఏది తేల్చుకున్నా గుండెల్లో బరువు మిగులుతుంది. పాలు పడతాయి, తాగే బిడ్డ ఉండదు. చుట్టాలు మళ్లీ ఆ గ్రహణం సంగతి ఎత్తుతారు.

అలాంటి స్త్రీ నెలల తరబడి నిద్ర పోకపోతే, ఎవరితోనూ మాట్లాడకపోతే, మళ్లీ కడుపు వస్తుందేమోనని భయపడుతుంటే అది బలహీనత కాదు, వైద్యం అవసరమైన దుఃఖం. 2022 అక్టోబరు నుంచి దేశమంతటా పనిచేస్తున్న మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ ఉచిత నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు. ఆమెతో పాటు ఆమె భర్త కూడా మాట్లాడితే ఇంకా మంచిది, ఆ దుఃఖం అతనిది కూడా. ఇంట్లో పెద్దలు చేయగలిగిన మొదటి సాయం మాత్రం ఆ ప్రశ్న అడగకుండా ఉండటం. జరిగినదానికి ఆమె చేసిందేమీ లేదు. వెళ్లిన చోటు కాదు, తిన్న బొప్పాయి ముక్క కాదు.

ఇలాంటి బిడ్డ ఒకసారి కలిగినవాళ్లకు మళ్లీ కలిగే ముప్పు నూటికి రెండు మూడు దాకా ఉంటుంది. వాళ్లకు 400 మైక్రోగ్రాములు చాలవు. దానికి పది రెట్లకు పైనే, అంటే మన దగ్గర దొరికే 5 మిల్లీగ్రాముల పసుపుపచ్చ మాత్ర, గర్భానికి ముందు నుంచే వేసుకోవాలని డాక్టరు రాస్తారు. మధుమేహం ఉన్నవాళ్లు, మూర్ఛకు వాల్‌ప్రొయేట్ వంటి మందులు వాడేవాళ్లు, బాగా స్థూలకాయం ఉన్నవాళ్లు కూడా గర్భం గురించి అనుకోగానే డాక్టరును కలిసి మోతాదు తేల్చుకోవాలి. మూర్ఛ మందును సొంతంగా ఆపేయడం మరీ ప్రమాదం. మిగతావాళ్లకు ఎక్కువ వేసుకుంటే ఎక్కువ మేలేమీ లేదు. మాంసం, గుడ్డు, పాలు అసలు తీసుకోనివాళ్లలో బి12 లోటు ఉంటుంది. వాళ్లకు ఫోలిక్ యాసిడ్ పెద్ద మోతాదులో పడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తూనే, లోపల నరాలు దెబ్బతినడం సాగిపోవచ్చు. తిమ్మిర్లు, మతిమరుపు, మనసు కుంగడం కనిపిస్తే బి12 పరీక్ష చేయించుకోవాలి. ఈ మాత్రతో పదిలో మూడు లోపాలు ఆగవు, వాటికి ఇతర కారణాలున్నాయి. మాత్ర వేసుకున్నా అలా జరిగిన తల్లి తనను తాను నిందించుకోకూడదు.

ప్రభుత్వ నియమాల్లో ఇదంతా లేక కాదు. 2018లో మొదలైన రక్తహీనత నివారణ కార్యక్రమం మార్గదర్శకాల్లోనే, గర్భానికి ముందు నుంచి మూడో నెల నిండేదాకా రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలని రాసి ఉంది. కానీ మన వ్యవస్థ మొత్తం గర్భం నమోదైన రోజు నుంచి నడుస్తుంది. కార్డు, ఇంజెక్షన్, మాత్ర, స్కాన్ అన్నీ ఆ తరవాతే. ఇంకా కడుపు పండని అమ్మాయి పేరు ఆ పుస్తకంలో ఉండదు. బడుల్లో కౌమార బాలికలకు వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంది, అది 500 మైక్రోగ్రాములు. వారానికొకటి. చదువు మానేసిన నాటి నుంచి మొదటి గర్భం దాకా, ఆ మాత్ర కూడా అందని ఏళ్లే ఎక్కువ. ఆశా కార్యకర్తల దగ్గర ఊళ్లో కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ల వివరాలు ఎలాగూ ఉంటాయి. ఆ జాబితా పట్టుకుని వాళ్ల చేతుల్లో మూడు నెలల మాత్రలు పెట్టడం ప్రభుత్వానికి భారం కాదు. రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలూ ఈ పని మొదలుపెట్టాలి.

అప్పటిదాకా ఆ పని మన ఇళ్లలోనే జరగాలి. ఈ వేసవిలో మీ ఇంట్లో పెళ్లి ఉంటే, శుభలేఖలు అచ్చుకి ఇచ్చిన రోజునే పెళ్లికూతురికి ఈ మాత్ర సంగతి చెప్పండి. రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్న మీ చెల్లెలికి చెప్పండి. డాక్టరును అడిగి ఒక్క పట్టీ కొనివ్వండి. అమ్మాయికి చెప్పడానికి మొహమాటమైతే ఈ పుట తెరిచి ఆమె చేతికివ్వండి.